జానెడు నీరు

మొండికాలువ కింద పుట్టి పెరిగినవాళ్ళకి టీవీలో ఓట్ల లెక్కింపు చూడడం మంచి కాలక్షేపం. ఎక్కడో దేశం అవతల జనం ఎండలో వరస కట్టి, వేలికి సిరాచుక్క పెట్టించుకుని వస్తుంటే మనవాళ్ళకి నవ్వాగదు. సిరాచుక్కకి కుర్చీ వచ్చేస్తుందా, మరీ విడ్డూరం కాకపోతే, అనుకుని ఛానెల్ మార్చేస్తారు. ఇక్కడి పద్ధతి వేరు. గోదారి చీలిన చోటు నుంచి సముద్రం దాకా, నీరు ఎవరి మాట వింటే కుర్చీ వాళ్ళది. కాలువకో నీటిపెద్ద, వాళ్ళందరి మీదా రాజమండ్రిలో పెద్దకుర్చీ. ఎవరి చేనుకి నీరెక్కాలి, ఎవరింటికి కరెంటు మీటరు రావాలి, పోలీసులు ఎవరి తలుపు తట్టాలి, అన్నీ నీటిపెద్ద నోటి నుంచే రావాలి. కాదన్నవాడి చేలో నీళ్ళు ఒక్క పూటలో గట్టు దాటి పక్కవాడి చేలోకి వెళ్ళిపోతాయి. ఎవరికి చెప్పుకుంటాడు? చెప్పుకోడానికి వెళ్ళిన ఆఫీసులో కుళాయి కూడా నీటిపెద్ద మాటే వింటుంది.

మొండికాలువకి నీటిపెద్ద దొరబాబుగారు. ఇరవై నాలుగేళ్ళుగా ఆయనే. గొంతు పెంచి ఎరగడు, ఎవర్నీ తిట్టి ఎరగడు. గట్టు మీద నిలబడి మెల్లగా పిలిస్తే కాలువ మెట్లెక్కి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర ఆగుతుంది. అలా నీరు లేచి వచ్చినప్పుడు అక్కడున్నవాళ్ళంతా చెప్పులు విప్పి నిలబడాలి. అది రాసిపెట్టిన చట్టం కాదు, పాత మర్యాద. ఆయన అంత మెత్తగా మాట్లాడతాడు కాబట్టే జనానికి అంత భయం. అరిచేవాడి కోపం ఎప్పుడు తగ్గిందో తెలుస్తుంది, ఈయనది ఎప్పుడు మొదలైందో కూడా తెలియదు.

ఆ కాలువ మీద చినపేట లాకుల దగ్గర లస్కరు ఏసురాజు. లాకు తలుపులు వేయడం, తీయడం, చక్రం తిప్పి అడుగు షట్టరు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. తండ్రి కూడా అదే లాకుల మీద అదే చక్రం తిప్పి పోయాడు. ఏసురాజుకి పని ఆయన నుంచే వచ్చింది. భయమూ ఆయన నుంచే వచ్చింది.

ఏప్రిల్ చివర, ఏటా లాగే, రిపేర్లకని కాలువలు కట్టేశారు. ఇంటి వెనక నీలం డ్రమ్ములో ట్యాంకరు నీళ్ళు పట్టుకున్నారు. ఏసురాజు కూతురు రూబీ గిన్నెలు తోముదామని డ్రమ్ము మీదికి వంగి చెయ్యి చాపింది. చెంబు ముంచకముందే నీరు మెల్లగా పైకి లేచి, పాల కోసం తలెత్తిన పిల్లికూనలాగా, ఆ పిల్ల అరచేతికి ఆనుకుంది. రూబీకి చక్కిలిగింత పెట్టింది కాబోలు, నవ్వింది. వెనక నుంచి చూసిన తల్లి హెలెన్ నవ్వలేదు. కూతురి జడ పట్టుకుని ఇంట్లోకి లాగి గడియ పెట్టింది. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. రూబీకి జూన్‌లో పదమూడు నిండుతాయి.

"చంటిదానికి బాప్తిస్మం ఇచ్చిన రోజే నాకు అనుమానం," అంది ఏసురాజు తల్లి జ్ఞానమ్మ, గోడకి చేరగిలబడి. "పాస్టరుగారి గిన్నెలో నీళ్ళు పొంగి ఆయన అంగీ తడిపేశాయి. ఎక్కువ పోశాననుకున్నారాయన. నేను పైకి ఏమీ అనలేదు."

"ఇప్పుడు మాత్రం ఎందుకు అంటున్నారు అత్తయ్యా," అంది హెలెన్.

పదమూడు నిండిన ప్రతి పిల్లా పిల్లాడూ జూన్‌లో నీరు వదిలిన రోజున లాకుల దగ్గరికి రావాలి. కింది మెట్టు మీద కూర్చుని, నీటికి జానెడు పైన అరచెయ్యి చాపాలి. అరవై లెక్కపెట్టేలోపు నీరు లేచి అరచేతికి తగిలితే 'ఉంది' అంటారు. తగలకపోతే 'లేదు'. అంతే పరీక్ష. దానికి సంబంధించిన చట్టం చదవడానికి ఎంత బాగుంటుందో. ఏ కులమైనా, ఏ మతమైనా, డాబా ఇల్లయినా, తాటాకు ఇల్లయినా, 'ఉంది' అన్న బిడ్డ కోసం మర్నాడు పొద్దున్న ఆరింటికి రాజమండ్రి నుంచి లాకుల దగ్గరికి వ్యాను వస్తుంది. అక్కడ అయిదేళ్ళు చదివి, పద్దెనిమిది నిండాక వచ్చి తన కాలువ కుర్చీలో కూర్చుంటుంది. పాత నీటిపెద్ద లేచి తప్పుకోవాలి. అయితే అందులోనే ఒక చిన్న వాక్యం ఉంది. వ్యాను వచ్చేదాకా ఆ ఒక్క రాత్రీ బిడ్డ నీటిపెద్ద బంగళాలో ఉండాలి.

ఆ వాక్యం ఎవరు రాశారో గాని, వాళ్ళ చెయ్యి పడిపోను. ఎగువన ఒక కాలువ మీద కౌలురైతు కూతురు బంగళాలో పాలు తాగి పడుకుని మరి లేవలేదు. మొగల్తూరు వైపు ఒక పిల్లాణ్ణి పాము కరిచిందన్నారు, మేడ మీద గదిలో. పెద్దింటి పిల్లలకి మాత్రం ఏ పామూ కనపడదు. దొరబాబుగారి కొడుకు మణిదీప్‌కి పరీక్షలో 'లేదు' వచ్చింది. అయినా ఈ కాలువ మీద ఇంకెవరికీ 'ఉంది' రాకపోతే కుర్చీ వాళ్ళింట్లోనే ఉండిపోతుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఎవరికీ రాలేదు.

"యానాం పోదాం," అంది హెలెన్. "మా తబితక్క ఉంది కదా. అక్కడ ఈ పరీక్షలు లేవు."

ఏసురాజు తల అడ్డంగా ఊపాడు. యానాం దారిలో చెక్‌పోస్టు వాళ్ళు చవక మందు సీసాల కోసం బళ్ళు ఆపుతారనుకుంటారు జనం. వాళ్ళ దగ్గర ఇంకో జాబితా కూడా ఉంటుంది. అందులో పన్నెండు దాటిన ప్రతి బిడ్డ ఫోటో ఉంటుంది. దొరికితే ఇక పరీక్ష అక్కర్లేదు, 'ఉంది' అని రాసేసుకుని నేరుగా బంగళాకే తీసుకెళతారు.

"మరైతే ఏం చేద్దాం?"

ఏసురాజు తల్లి వైపు చూశాడు. జ్ఞానమ్మ మొహం తిప్పుకుంది. ఇద్దరికీ సుకుమార్ గుర్తొచ్చాడు.

సుకుమార్ ఏసురాజు తమ్ముడు. ఇరవై మూడేళ్ళ కిందట వాడికి పదమూడు నిండాయి. వాడికీ ఇలాగే నీరు వినేది. పరీక్ష రోజున తండ్రి చక్రం దగ్గర నిలబడి, ఎవరికీ తెలియకుండా అడుగు షట్టరు రెండున్నర చుట్లు ఎత్తాడు. పైన నీరు ఎంత లేస్తోందో కింద నుంచి అంత వెళ్ళిపోయింది. వాడి చేతికి నీరు తగల్లేదు. 'లేదు' అన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో కోడిని కోశారు. మర్నాడు బంగళా నుంచి కబురొచ్చింది, పశువుల దగ్గరికి ఒక కుర్రాణ్ణి పంపమని. పంపారు. నాలుగో రోజు సుకుమార్ పంటబోదెలో మోకాలి లోతు నీళ్ళలో బోర్లా పడి ఉన్నాడు. కాలు జారి మునిగిపోయాడన్నారు.

నీరు మాట వినేవాడు నీళ్ళలో మునిగి చావడు. ఆ సంగతి ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. కానీ ఆ మాట పైకి అంటే పరీక్షలో మోసం చేశామని ఒప్పుకున్నట్టే. కాబట్టి ముగ్గురూ నోరు మూసుకుని ఏడ్చారు. బిడ్డ చచ్చిపోతే గట్టిగా ఏడవడానికి కూడా భయపడాల్సి రావడం ఎంత పాపిష్టి బతుకో అనుభవించినవాళ్ళకే తెలియాలి. వాడు ఎక్కడో నీళ్ళతో ఆడుకుంటుంటే ఎవరో చూసి చెప్పేశారని తండ్రి చనిపోయేదాకా అనుకునేవాడు. ఏసురాజూ అలాగే అనుకున్నాడు. ఆడుకోనివ్వకపోతే బతికేవాడు, అదే వాళ్ళ లెక్క.

అందుకని మే నెలంతా రూబీని గుమ్మం దాటనివ్వలేదు. స్నానానికి హెలెన్ మగ్గుతో తనే పోసేది. మంచినీళ్ళు స్టీలు సీసాలో మూత బిగించి ఇచ్చేవారు. స్నేహితురాలు హారతి పిలవడానికొస్తే జ్వరమన్నారు, మళ్ళీ వస్తే ఆటలమ్మ అన్నారు. రూబీ మొదట విసుక్కుంది, తరవాత ఊరుకుంది. ఒక పూట అన్నం తింటూ, "నేనేం చేశాను నాన్నా?" అని అడిగింది. ఏసురాజు కంచం పక్కకి జరిపి లేచాడు.

రోజూ మధ్యాహ్నం తలుపులు వేసుకుని డ్రమ్ము దగ్గర అభ్యాసం. రూబీ నీటికి జానెడు పైన చెయ్యి చాపేది. ఏసురాజు డ్రమ్ము అడుగున బిగించిన కుళాయి తిప్పేవాడు. నీరు లేవబోయేది, కింద నుంచి కారిపోయేది, మట్టం కదలకుండా నిలిచేది. మొదట రెండు సార్లు నీరు అరచేతికి తగిలింది. ఆ తరవాత ఒక్కసారీ తగల్లేదు. కుళాయి ఎప్పుడు ఎంత తిప్పాలో ఏసురాజు చేతికి పట్టుబడిపోయింది.

"నాన్నా," అంది రూబీ ఒకరోజు, "కుళాయి ఇంత పారుతోంది. డ్రమ్ము తగ్గట్లేదు. ఎవరైనా అటు చూస్తే?"

"ఎవరూ చూడరు. అందరూ నీ చేతినే చూస్తారు."

అన్నాడే గాని ఆ మాట అతన్ని పట్టుకుంది. అడుగు షట్టరు ఎత్తితే లాకు కింది వైపు నీరు సుడి తిరుగుతూ పైకి పొంగుతుంది. తండ్రి దాని గురించి ఆలోచించలేదు. ఏసురాజు ఆలోచించాడు. పరీక్షకి ముందు రోజు కాలువలో కొట్టుకొచ్చిన గుర్రపుడెక్కను పోగుచేసి, లాకు కింద ఆ పొంగు లేచే చోట చాపలాగా పరిచేశాడు. ఊదా పూలతో చూడ్డానికి ముచ్చటగా ఉంది. తండ్రి కంటే తను తెలివైనవాణ్ణనుకున్నాడు పాపం.

పరీక్ష రోజున మూడింటికే లాకుల గట్టు నిండిపోయింది. షామియానా, కుర్చీలు, పులిహోర పొట్లాలు, డప్పులు. రెండు జతల తలుపుల మధ్య లాకు తొట్టి నిండుగా ఉంది. గోడ మీద అడుగులూ అంగుళాలూ రాసిన కొలబద్ద మీద నీరు సరిగ్గా ఎర్రగీతని తాకుతోంది. దొరబాబుగారు తెల్ల లుంగీ, తెల్ల చొక్కాతో వచ్చి గట్టు మీద నిలబడి ఒక్కసారి మెల్లగా ఏదో అన్నారు. తొట్టిలో నీరు రెండు మెట్లెక్కి ఆయన పాదాల దగ్గర ఆగింది. అందరూ చెప్పులు విప్పారు. నీరు మళ్ళీ ఎర్రగీత దగ్గరికి దిగిపోయింది, అందరూ చెప్పులు వేసుకున్నారు. ఆయన కుర్చీలో కూర్చుని కొబ్బరిబొండాం తాగారు.

ఆయన మనిషి చిట్టియ్య పేర్లు పిలుస్తున్నాడు. పేర్లు వీధుల వరసన పిలుస్తారు. రైతుల వీధులు ముందు, బజారు వీధి తరవాత, లూథరన్ చర్చి వెనక పేట ఎప్పుడూ ఆఖర్న. ఒక్కొక్కరే మెట్లు దిగి చెయ్యి చాపడం, అరవై లెక్కపెట్టడం, చిట్టియ్య "లేదు" అనడం. ప్రతి "లేదు"కీ గట్టు మీద ఒక తల్లి ఊపిరి వదిలేది. పైకి మాత్రం మొహం చిన్నబుచ్చుకోవాలి, అదో నాటకం. పూర్వం 'లేదు' అంటే నిజంగానే బాధపడేవారట.

ఏసురాజు చక్రం పట్టుకుని లాకు తలుపు మీది పలక మీద నిలబడ్డాడు. అరచేతుల్లో చెమటకి చక్రం జారుతోంది. లుంగీకి తుడుచుకున్నా మళ్ళీ అంతే. కింద గట్టు మీద హెలెన్, జ్ఞానమ్మ చేతులు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళిద్దరూ అలా చేతులు పట్టుకోవడం అతను పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో చూడలేదు.

"రూబీ. లస్కరు ఏసురాజుగారమ్మాయి."

రూబీ మెట్లు దిగింది. చర్చికి వేసుకునే గులాబీరంగు గౌను వేసింది హెలెన్. ఎందుకేశావే అని అడగాలనిపించింది ఏసురాజుకి. ఆ పిల్ల కింది మెట్టు మీద కూర్చుని, తండ్రి వైపు ఒక్కసారి చూసి, చెయ్యి చాపింది.

డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఏసురాజు చక్రం తిప్పాడు. ఒక చుట్టు. కొలబద్ద మీద ఎర్రగీత మునిగిపోతోంది. రెండు చుట్లు. ఇంకా మునుగుతోంది. రెండున్నర. తమ్ముడికి ఇక్కడ ఆగింది. ఈ పిల్లకి ఆగలేదు. మూడు చుట్లకి ఎర్రగీత మళ్ళీ బయటికొచ్చి నీటి అంచున నిలిచింది. డప్పుల మోతలో అతనికి చిట్టియ్య లెక్క వినపడలేదు. అరవై ఎప్పుడయ్యాయో తెలియలేదు. రూబీ అరచేతికీ నీటికీ మధ్య అదే జానెడు.

"లేదు," అన్నాడు చిట్టియ్య.

హెలెన్ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏసురాజు చక్రాన్ని ఆనుకున్నాడు. ఇరవై మూడేళ్ళుగా ఛాతీ మీద కూర్చున్న బండ దిగిపోయినట్టనిపించింది. జనం లేచి పులిహోర పొట్లాల వైపు జరుగుతున్నారు. దొరబాబుగారు కారు దగ్గరికి వెళ్ళడానికి లాకు తలుపు మీది పలకెక్కారు. అవతలి గట్టుకి అదే దారి. ఏసురాజు చేతులు కట్టుకుని పక్కకి ఒదిగాడు.

దొరబాబుగారు అతని దగ్గర ఆగి, కాలువ కింది వైపు చూశారు.

"ఏసురాజూ, గుర్రపుడెక్క కదిలిపోతోందేంటి?"

ఏసురాజు చూశాడు. తను పరిచిన చాప ముక్కలు ముక్కలుగా విడిపోయి, ఊదా పూలు ఊపుకుంటూ దిగువకి పోతోంది.

"గాలికండి."

"గాలి ఎదురు వీస్తోంది కదయ్యా."

షామియానా గుడ్డ ఎగువ వైపుకే కొట్టుకుంటోంది.

"అడుగు షట్టరు ఎత్తి ఉంది. అమ్మాయి లేచేదాకా ఇక్కడ నీరు ఒక్క అంగుళం తగ్గలేదు," అన్నారు దొరబాబుగారు, వాన పడేలా ఉందన్నంత మామూలుగా. "నీరు లేస్తే చిన్నపిల్లాడు కూడా చూస్తాడు. తలుపు తీసి ఉన్నా తగ్గని నీరు నాకు గాని కనపడదు. మీ నాన్నా మంచి పనిమంతుడే. ఆయన రెండున్నర తిప్పాడు. నువ్వు?"

"మూడండి."

దొరబాబుగారి కంటి దగ్గర ఏదో అదిరింది. అంతలోనే సర్దుకున్నారు.

"రేపట్నుంచి అమ్మాయిని బంగళాకి పంపు. మా ఆవిడకి చేతికింద మనిషి కావాలంటోంది. బడికి సెలవులే కదా."

ఆయన రెండడుగులు ముందుకేశారు. ఏసురాజు అక్కడే నిలబడిపోయాడు. తమ్ముడు ఎక్కడా నీళ్ళతో ఆడుకోలేదు. ఎవరూ చూసి చెప్పలేదు. నాన్న తిప్పిన చక్రమే చెప్పింది. ఇవాళ తను తిప్పిన చక్రమూ అదే చెప్పింది. నాన్న తెలియక చేశాడు, చచ్చేదాకా తెలియకుండానే ఉన్నాడు, దేవుడు ఆయన మీద ఆ మాత్రం దయ చూపించాడు. తన మీద అదీ చూపించలేదు. 'లేదు' అన్న పిల్ల చచ్చిపోతే ఏ వ్యానూ రాదు, ఎవరూ అడగరు. కాలు జారిందంటారు. 'ఉంది' అంటే ఒక్క రాత్రి. ఆ ఒక్క రాత్రి గడవడం కూడా కష్టమే. కానీ ఆ రాత్రి సంగతి ఊరంతా ఎరిగి ఉంటుంది.

దొరబాబుగారు పలక చివరికి చేరుకుంటున్నారు. రూబీ మెట్లెక్కి వస్తోంది. ఇంకో నిమిషంలో జనం ఇళ్ళకి పోతారు.

"రూబీ," అని పిలిచాడు ఏసురాజు. "అక్కడే ఆగమ్మా. కిందికెళ్ళి మళ్ళీ చెయ్యి పెట్టు."

"ఏంటయ్యా అది?" అన్నాడు చిట్టియ్య.

హెలెన్ లేచి నిలబడింది. వద్దన్నట్టు చెయ్యి ఊపుతోంది. ఏసురాజు ఆమె వైపు చూడలేదు, చూస్తే చెయ్యి ఆడదని తెలుసు. రెండు చేతులా చక్రం పట్టుకుని వెనక్కి తిప్పాడు. ఒకటి. రెండు. మూడు. అడుగున షట్టరు నేలకి దిగి గట్టిగా కూర్చున్న చప్పుడు అరికాళ్ళకి తెలిసింది.

రూబీ తండ్రిని చూసింది, తల్లిని చూసింది, మెట్టు మీద కూర్చుని చెయ్యి చాపింది.

నీరు లేచింది. నెలన్నర మూత బిగించి ఉంచిన పిల్ల అది. నీరు అరచేతికి తగిలి ఆగలేదు. మోచెయ్యి దాటింది, ఆ పిల్ల కూర్చున్న మెట్టు దాటింది, గులాబీ గౌను తడిపేసి పైమెట్టుకి, ఆ పైమెట్టుకి ఎక్కి, గట్టు మీద పులిహోర పొట్లాల వరసలో నిలబడ్డ జనం పాదాల దాకా వచ్చి అక్కడ నిలిచింది. డప్పులు ఆగిపోయాయి.

దొరబాబుగారు పలక మీదే వెనక్కి తిరిగి నిలబడ్డారు. పెదాలు కదిపి మెల్లగా ఏదో అన్నారు. నీరు రెండు వేళ్ళ మందం తగ్గింది. రూబీ భుజాలు బిగుసుకున్నాయి. నీరు ఎక్కడిదక్కడికి మళ్ళీ వచ్చేసింది. ఆయన ఇంకోసారి అన్నారు. ఈసారి తగ్గను కూడా లేదు. ఆయన మొహంలో భయం చూడడం ఊరికి అదే మొదటిసారి. అది చూసి జనానికి ధైర్యం రాలేదు, ఉన్న భయం రెట్టింపయింది. భయపడ్డ మనిషి ఏం చేస్తాడో ఎవరికి తెలుసు?

"సంతోషం," అన్నారు చివరికి. "మన కాలువకి 'ఉంది' అయింది. చిట్టియ్యా, అమ్మాయిని కారెక్కించు. ఈ రాత్రికి బంగళాలో ఉంటుంది."

చిట్టియ్య మెట్ల వైపు కదిలాడు.

"మా తమ్ముడికీ 'ఉంది'," అన్నాడు ఏసురాజు.

ఆ మాట అంటానని అతనికే తెలియదు. అన్నాక ఆపుకోలేకపోయాడు. "సుకుమార్‌కి. మా నాన్న కూడా ఇదే చక్రం తిప్పి 'లేదు' అనిపించాడు. వాడు మోకాలి లోతు నీళ్ళలో మునిగిపోయాడన్నారు కదండీ. నీరు మాట వినేవాడు ఎలా మునుగుతాడో మీరే చెప్పండి."

జ్ఞానమ్మ ఒక్కసారిగా బావురుమంది. ఇరవై మూడేళ్ళు దాచుకున్న ఏడుపు అది, గట్టు గట్టంతా వినపడింది.

జనంలో చిన్నమ్మాయి అనే ఆవిడ ఉంది. కాలువ చిట్టచివర ఎకరం పొలం వాళ్ళది, నాలుగేళ్ళుగా నీరందక ఎండబెట్టుకుంటున్నారు. ఆవిడ వంగి చెప్పులు విప్పి చంకలో పెట్టుకుంది. నీళ్ళలోంచి నడిచి మెట్లు దిగి, రూబీకి పై మెట్టు మీద, చిట్టియ్యకి అడ్డంగా, చీర తడుస్తున్నా కూర్చుండిపోయింది.

"లేవండి చిన్నమ్మాయిగారూ," అన్నాడు చిట్టియ్య.

"ఎక్కడికి వెళ్ళమంటారండి. పొద్దున్న వ్యాను ఎలాగూ లాకుల దగ్గరికే కదండీ వస్తుంది. అంతవరకూ ఇక్కడే ఉంటాం." ఆవిడ తడిసిన కుచ్చెళ్ళు మోకాళ్ళ మీదికి లాక్కుంది. "నాకసలు మోకాళ్ళ నొప్పులండి. కూర్చుంటే లేవలేను."

గట్టు మీద ఎవరో చెప్పులు విప్పిన చప్పుడు. ఇంకొకరు. హారతి తండ్రి విప్పాడు, డప్పుల వాళ్ళు విప్పారు. రైతుల వీధి నుంచి కూడా కొందరు విప్పారు. అందరూ కాదు. సగానికి సగం మంది పొట్లాలు పట్టుకుని, తల దించుకుని ఇంటి దారి పట్టారు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నీళ్ళలో మునిగిన మెట్ల మీద రూబీ చుట్టూ కూర్చున్నారు. దొరబాబుగారు ఆ లెక్కంతా చూస్తూ నిలబడ్డారు. ఎవరెవరు కూర్చున్నారో ఒక్క మొహాన్నీ మరిచిపోరు. ఆయన కాళ్ళకి మాత్రం చెప్పులు అలాగే ఉన్నాయి.

ఆయన కారెక్కి వెళ్ళిపోయారు. చిట్టియ్య వెళ్ళలేదు. అవతలి గట్టు మీద నిలబడి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఎవర్ని పిలుస్తున్నాడో తెలియదు. ఎండ కొబ్బరిచెట్ల చాటుకి దిగింది. వ్యాను రావడానికి ఇంకా పన్నెండు గంటల పైమాటే.

ఏసురాజు చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసి, చెప్పులు విప్పి, జనంలోంచి దారి చేసుకుంటూ కూతురి దగ్గరికి దిగాడు. అక్కడ హెలెన్ ఒక వైపున కూతుర్ని పట్టుకుని కూర్చుని ఉంది. రూబీ చెయ్యి ఇంకా చాపి ఉంచింది. ఇందాకటి నుంచీ చాపే ఉంచింది, దించమని ఎవరూ చెప్పలేదు మరి. ఆ చెయ్యి చుట్టూ నీరు కదలకుండా నిలిచి ఉంది.

"నాన్నా, చెయ్యి లాగేస్తోంది," అంది ఆ పిల్ల. "దించెయ్యనా?"

ఏసురాజు అవతలి గట్టు వైపు చూశాడు. చిట్టియ్య పక్కన ఇప్పుడు ఇంకో ఇద్దరున్నారు.

"దించకమ్మా," అన్నాడు. పక్కన కూర్చుని, ఆ పిల్ల మోచేతి కింద తన చెయ్యి పెట్టి పట్టుకున్నాడు.